బరువుకూ దమ్ముకూ సంబంధం ఉందా? మిర్యాలగూడ నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. మా అక్కకు 44 ఏళ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. చిన్నప్పుడు ఆమెకు ఆయాసం లేదు. రెండేళ్లుగా మెట్లెక్కితే దమ్ము, రాత్రిపూట దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. ఒక డాక్టర్ ఉబ్బసం అని ఇన్‌హేలర్ రాశారు. ఇంకో డాక్టర్ ‘ఉబ్బసమేం కాదు, బరువు తగ్గితే అదే పోతుంది’ అన్నారు. ఇన్‌హేలర్ అలవాటైతే జీవితాంతం వదలదని భయపడి, మా వీధిలో ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల మాత్రలు వాడుతోంది. వేసుకున్న పూట హాయిగా ఉంటుంది. కానీ ఏడాదిన్నరలో 76 కిలోల నుంచి 84కు వచ్చింది. బరువుకూ ఉబ్బసానికీ నిజంగా సంబంధం ఉందా? నడవమంటే ‘నడిస్తే దమ్ము ఎక్కువైతది’ అంటోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ తెల్ల మాత్రల సంగతి చూద్దాం. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. పట్టీ చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, వేసుకున్న పూటే దమ్ము దిగడం, ఏడాదిన్నరలో ఎనిమిది కిలోలు ఎక్కడం చూస్తే అవి స్టెరాయిడ్ మాత్రలని గట్టి అనుమానం. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ అనే పేర్లలో ఏదైనా పట్టీ వెనక ఉందేమో చూడండి. విడి మాత్రలు కాగితంలో కట్టి ఇస్తుంటే, అదేం మందో కాగితం మీద రాసివ్వమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

అవి స్టెరాయిడ్లే అయితే ఈ జవాబు చదివి ఇవాళే ఆపేయించకండి. వారాల తరబడి మాత్ర బయటి నుంచి అందుతుంటే, కిడ్నీల పైన ఉండే మన అడ్రినల్ గ్రంథి తన వంతు స్టెరాయిడ్ తయారుచేయడం తగ్గించేస్తుంది. మాత్ర హఠాత్తుగా మానితే బీపీ పడిపోవచ్చు, వాంతులు, నిలబడలేనంత నీరసం రావచ్చు, అది ప్రాణం మీదికీ తెస్తుంది. దమ్ము కూడా తిరగబెడుతుంది. డాక్టర్ పర్యవేక్షణలో ఇన్‌హేలర్ మొదలుపెట్టి, అది పనిచేస్తుందని చూసుకుంటూ మాత్ర డోసు మెల్లమెల్లగా దించాలి.

స్టెరాయిడ్ మాత్ర విషం కాదు. ఊపిరాడని స్థితిలో వచ్చినవాళ్లకు ఐదు నుంచి ఏడు రోజులు మేమే ఇస్తాం, దానివల్ల ప్రాణాలు నిలుస్తాయి. కీడంతా రోజూ వాడటంలో ఉంది. ఆకలి పెరుగుతుంది. కొవ్వు పొట్ట మీద, ముఖంలో, మెడ వెనక పేరుకుంటుంది. తొడల కండరాలు సన్నబడి, కూర్చున్న మనిషి లేవడానికే ఆయాసపడతారు. షుగర్, బీపీ ఎక్కుతాయి, ఎముకలు గుల్లబారతాయి. అలా పెరిగిన బరువు ఉబ్బసాన్ని ఇంకా మొండిగా చేస్తుంది, దానికి మళ్లీ మాత్ర పడుతుంది. నల్లగొండ, సూర్యాపేట, దేవరకొండ వైపు నుంచి మా ఓపీకి వచ్చే నడివయసు ఆడవాళ్లలో ఈ వలయంలో చిక్కుకున్నవాళ్లు చాలామంది కనిపిస్తారు. బరువుకూ ఉబ్బసానికీ సంబంధం ఉందా అన్న మీ ప్రశ్నకు ఒక సమాధానం ఆ మాత్రలోనే ఉంది.

ఇక మాత్రల సంగతి పక్కనపెట్టినా సంబంధం ఉంది, అది గట్టిదే. 2007లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఏడు అధ్యయనాల లెక్కలు కలిపి చూశారు. మొత్తం 3,33,102 మంది పెద్దలు. మొదట ఉబ్బసం లేనివాళ్లను కొంతకాలం గమనిస్తే, మామూలు బరువు వాళ్లతో పోల్చినప్పుడు అధిక బరువు ఉన్నవాళ్లకు కొత్తగా ఉబ్బసం వచ్చే అవకాశం దాదాపు 1.4 రెట్లు, ఊబకాయం ఉన్నవాళ్లకు దాదాపు రెండు రెట్లు. బరువు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతూ పోయింది. అంతకుముందు 1999లో అమెరికాలో 85 వేలకు పైగా నర్సుల మీద జరిగిన అధ్యయనంలో కూడా ఇదే తేలింది. బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే కొలత, 30 దాటిన మహిళలకు ముప్పు రెండున్నర రెట్లకు పైనే. ఆ దేశంలోనే 2011-14లో తీసిన లెక్క ప్రకారం మామూలు బరువున్న మహిళల్లో 7.9 శాతానికి ఉబ్బసం ఉంటే, ఊబకాయం ఉన్న మహిళల్లో 14.6 శాతానికి ఉంది. ఆడవాళ్లలోనే ఈ ముడి ఎక్కువ బిగువుగా కనిపిస్తుంది. మీ అక్కలాగా చిన్నప్పుడు ఏమీ లేకుండా నలభై దాటాక మొదలయ్యే రకం వైద్యులకు బాగా తెలిసినదే.

మీ అక్క లెక్క చూద్దాం. 84 కిలోలను ఎత్తు మీటర్లలో రెండుసార్లు భాగిస్తే, అంటే 1.55తో ఒకసారి, మళ్లీ 1.55తో ఇంకోసారి, 35 వస్తుంది. అదే ఆమె బాడీ మాస్ ఇండెక్స్. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో నిపుణులు ఒప్పుకున్న కొలత. తెల్లవాళ్లకంటే తక్కువ బరువులోనే మనకు పొట్టలో కొవ్వు చేరుతుంది కాబట్టి మన గీత కింద గీశారు. నడుము కొలత కూడా తీయండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. ఇది మీ అక్క ఒక్కరి కథా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సుమారు 30 శాతం మంది 25 దాటి ఉన్నారు. సాగర్ ఎడమ కాలువ కింద మూడు పూటలా తెల్లన్నం దొరికింది, కోతకు మిషన్ వచ్చింది, నీళ్లకు మోటార్ వచ్చింది. ఒంటికి పని తగ్గినంతగా తిండి తగ్గలేదు. ఇందులో ఆమె తప్పేమీ లేదు. దయచేసి ఇంట్లో ఎవరూ ఆమెను లావు అని దెప్పకండి. దెప్పితే బరువు తగ్గరు, డాక్టర్ దగ్గరికి రావడం మాత్రం మానేస్తారు.

బరువు ఊపిరిని ఎలా పట్టుకుంటుందో కూడా తెలుసుకోండి, చికిత్స అర్థం కావాలంటే అది కావాలి. పొట్టలోని కొవ్వు, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ కండరాన్ని పైకి నెడుతుంది. ఛాతీ గోడ మీది కొవ్వు పక్కటెముకలు విప్పారకుండా అడ్డుకుంటుంది. దాంతో మామూలుగా ఊపిరి వదిలాక లోపల మిగలాల్సిన గాలి తగ్గిపోతుంది. బాడీ మాస్ ఇండెక్స్ 20 ఉన్నవాళ్లతో పోలిస్తే 30 ఉన్నవాళ్లలో, మామూలుగా వదిలిన తర్వాత ఇంకా గట్టిగా ఊదితే బయటికి వచ్చే గాలి సగానికి పడిపోతుందని 2006లో కొలిచి చూపించారు. గాలి తక్కువగా ఉన్న ఊపిరితిత్తుల్లో సన్నటి గొట్టాలు ఇరుకవుతాయి, అడుగు భాగంలో కొన్ని మూసుకుపోతాయి. పిల్లలు ఆడుకునే బెలూన్ ఊదేటప్పుడు మొదటి ఊపిరికే బలం ఎక్కువ పడుతుంది, కొంచెం ఉబ్బాక తేలికవుతుంది కదా. బరువు ఎక్కువైన మనిషి ప్రతి శ్వాసనూ ఆ మొదటి ఊపిరి దగ్గరే మొదలుపెడుతుంటారు. పైగా గొట్టాల చుట్టూ ఉండే కండరం ప్రతి శ్వాసకూ కాస్త సాగుతుంటేనే మెత్తగా ఉంటుంది. సాగడం తగ్గితే బిగుసుకునే గుణం పెరుగుతుంది. చల్లగాలి, పొగ, దుమ్ము తగలగానే గభాలున మూసుకుంటుంది.

రెండోది రక్తంలో జరిగేది. కొవ్వు అంటే ఊరికే నిల్వ ఉండే సరుకు అనుకుంటాం. అది లెప్టిన్, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది, ఒంట్లో వాపు గుణాన్ని పెంచుతుంది. వాపును తగ్గించే అడిపోనెక్టిన్ అనేది మాత్రం బరువు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఈ వాపు, దుమ్ము పురుగుల వల్లో పుప్పొడి వల్లో వచ్చే అలర్జీ వాపు ఒకటి కాదు. అలర్జీ ఉబ్బసంలో ఇసినోఫిల్ అనే రక్తకణాలు పెరుగుతాయి, వాటి మీద స్టెరాయిడ్ ఇన్‌హేలర్ బాగా పనిచేస్తుంది. నలభై దాటాక బరువుతో వచ్చే రకంలో చాలామందికి ఆ కణాలు అంతగా ఉండవు. అందుకే ఊబకాయం ఉన్నవాళ్లకు సగటున ఇన్‌హేలర్ నుంచి వచ్చే మేలు కొంత తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. ఈ ఒక్క మాట దగ్గరే చాలామంది పొరబడి మందు మానేస్తారు.

కాబట్టి మీకు చెప్పిన ఇద్దరు డాక్టర్ల మాటల్లో దేన్నీ నేను పూర్తిగా కొట్టేయను, పూర్తిగా ఒప్పుకోను కూడా. ఉబ్బసం ఉంటే, బరువు తగ్గేదాకా మందు లేకుండా ఆగడం ప్రమాదం. ప్రపంచంలో ఉబ్బసంతో చనిపోతున్నవాళ్లలో 40 శాతానికి పైగా మన దేశంలోనే ఉన్నారని అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. జబ్బు మన దగ్గర అంత ఎక్కువగా ఉండి కాదు, రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్ వాడకపోవడం వల్ల. మరోవైపు బరువు సంగతి ఎత్తకుండా ఇన్‌హేలర్ డోసు పెంచుకుంటూ పోయినా దమ్ము పూర్తిగా అదుపులోకి రాదు.

అన్నిటికంటే ముందు, అసలు ఇది ఉబ్బసమేనా అన్నది పరీక్షతో తేల్చుకోవాలి. లావుగా ఉన్నవాళ్లకు ఆయాసం వస్తే ఉబ్బసం అనేయడం, లేదా బరువు అనేయడం రెండూ తేలిక. కెనడాలో 2017లో, ఉబ్బసం ఉందని డాక్టర్లు చెప్పిన 613 మంది పెద్దలను మళ్లీ పరీక్షిస్తే మూడో వంతు మందిలో అప్పటికి ఉబ్బసం లేదని తేలింది. స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్ష చేయించండి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఛాతీ డాక్టర్ల దగ్గర దొరుకుతుంది. హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. ఒకసారి ఊదించి, గొట్టాలను తెరిచే సాల్‌బుటమాల్ అనే మందు ఇచ్చి పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ పెరిగితే ఉబ్బసం వైపు మొగ్గు. ఉత్త బరువు వల్ల అయితే గాలి మొత్తం మీద కొంచెం తగ్గుతుంది గానీ మందు ఇచ్చాక పెద్దగా మారదు. స్టెరాయిడ్ మాత్ర మీద ఉండగా చేస్తే ఫలితం మామూలుగా రావచ్చు, ఆ సంగతి పరీక్ష చేసేవాళ్లకు తప్పకుండా చెప్పండి. ఒకసారి బాగుందని వదిలేయకూడదు, ఉబ్బసం రోజుకో రకంగా ఉంటుంది. పీక్‌ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. రెండు వారాలు పొద్దున, సాయంత్రం ఊది కాపీలో రాసుకుంటే, అంకెలు ఊగిసలాడుతున్నాయా లేదా అన్నది డాక్టర్‌కు చాలా చెబుతుంది.

మీరు రాసిన వాటిలో రాత్రి దగ్గు, పిల్లికూతలు ఉబ్బసం వైపు చూపిస్తున్నాయి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం మాత్రం ఎటైనా కావచ్చు. ఒక తేడా గమనించండి. బరువు వల్ల, అలవాటు తప్పడం వల్ల వచ్చే ఆయాసం కూర్చుంటే కొద్ది నిమిషాల్లో దిగుతుంది. ఉబ్బసం అయితే చాలాసార్లు పని ఆపాక ఐదు పది నిమిషాలకు ఇంకా పెరుగుతుంది, పిల్లికూత తోడవుతుంది, అరగంట పైన పట్టవచ్చు.

వేరే కారణాలనూ వదలొద్దు. రక్తహీనత చూడండి. అదే జాతీయ సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తం తక్కువని తేలింది. లావుగా ఉన్నంత మాత్రాన రక్తం బాగుందని అనుకోకూడదు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు ఎలాగూ కావాలి. పడుకుంటే ఆయాసం ఎక్కువై లేచి కూర్చోవాల్సి వచ్చినా, కాళ్లు వాచినా గుండెకు ఈసీజీ, ఎకో తీయించాలి. బీపీకి, వణుకుకు, తలనొప్పికి ఇచ్చే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు, కంటి ప్రెషర్‌కు వేసే టిమొలాల్ చుక్కలు కూడా ఉబ్బసాన్ని రేపుతాయి. కొందరికి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పడవు. మోకాళ్ల నొప్పులకు ఆమె ఏవైనా వేసుకుంటున్నారేమో అడగండి, బరువున్నవాళ్లలో ఇది మామూలే.

ఇంకో రెండు జబ్బులు బరువుకూ ఉబ్బసానికీ మధ్యలో నిలబడి రెంటినీ ఎగదోస్తుంటాయి. ఒకటి గురకతో నిద్రలో ఊపిరి ఆగిపోవడం. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఆగి, ఉలిక్కిపడి లేస్తున్నారా, పగలంతా నిద్రమత్తుగా ఉంటున్నారా చూడండి. అలా ఉంటే నిద్ర పరీక్ష చేసి చికిత్స ఇస్తేనే ఉబ్బసం దారికి వస్తుంది. రెండోది కడుపులో ఆమ్లం గొంతులోకి రావడం. గుండెమంట, పుల్లటి తేన్పులు ఉంటే రాత్రి అన్నం పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించాలి, గ్యాస్ మాత్ర కొన్నాళ్లు వాడాలి. మంట లేనివాళ్లకు ఉబ్బసం కోసమని గ్యాస్ మాత్ర ఇచ్చి లాభం లేదని 2009లోనే తేలింది, అయినా మన దగ్గర ప్రతి చీటీలో అది కనిపిస్తూనే ఉంది.

మిర్యాలగూడ అన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఇల్లు రైస్ మిల్లుల దగ్గరా? ఆమె మిల్లులో గానీ, పత్తి జిన్నింగ్‌లో గానీ పనిచేస్తారా? కట్టెల పొయ్యి ఉందా? పెద్దయ్యాక మొదలైన ఉబ్బసంలో పనిచేసే చోటి దుమ్మును తప్పకుండా అడగాలి. సెలవు రోజుల్లో బాగుండి పనిలోకి వెళ్లగానే పట్టేస్తుంటే అదే సూచన. వానాకాలం, యాసంగి కోతలప్పుడు, వరి కొయ్యలు తగలబెట్టేటప్పుడు ఎక్కువవుతుంటే ఆ రోజుల్లో కిటికీలు మూసి, మాస్క్ కట్టుకుని, ఇన్‌హేలర్ ఒక్క పూట కూడా తప్పకుండా చూసుకోవాలి.

ఇప్పుడు ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయం. అది మత్తుమందు కాదు. షుగర్ మాత్రలాగా జబ్బు ఉన్నంతకాలం అవసరం, జబ్బు సద్దుమణిగితే డాక్టరే డోసు తగ్గిస్తారు. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఒక్క పీల్పులో మామూలుగా 200 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఉంటుంది, అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకి. ఉబ్బసం దాడిలో రోజుకు ఇచ్చే ప్రెడ్నిసోలోన్ 40 మిల్లీగ్రాములు, అదీ ఒళ్లంతా తిరుగుతుంది. మందులు వేరైనా, తూకంలో ఆ మాత్రల మందు ఒక్క పీల్పుకు 200 రెట్లు. ఎనిమిది కిలోలు పెంచింది ఏదో, భయపడాల్సింది దేనికో ఆమెకు ఈ లెక్కతో చెప్పండి. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో పూత, గొంతు బొంగురు వస్తాయి.

సాల్‌బుటమాల్ ఒక్కటే జేబులో పెట్టుకుని దమ్ము వచ్చినప్పుడల్లా కొట్టుకోవడం పెద్దవాళ్లకు సరైన వైద్యం కాదని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది గొట్టాన్ని కాసేపు తెరుస్తుంది, లోపలి వాపును ముట్టుకోదు. బుడెసొనైడ్, గొట్టాలను తెరిచే ఫార్మొటెరాల్ కలిపిన ఇన్‌హేలర్‌ను రోజూ వాడే మందుగానూ, దమ్ము వచ్చినప్పుడు వాడే మందుగానూ రెండు విధాలా ఇచ్చే పద్ధతి ఇప్పుడు ముందు వరసలో ఉంది. మీ అక్కకు ఏది, ఎంత అన్నది చూసిన డాక్టర్ నిర్ణయించాలి. ఏది రాసినా పీల్చే తీరు డాక్టర్ ముందే చేసి చూపించి సరిచేయించుకోండి. గ్యాస్ ఇన్‌హేలర్ అయితే దానికి తగిలించే స్పేసర్ అనే డబ్బా పెట్టుకోవాలి. పొడి క్యాప్సూల్ రకం అయితే బలంగా, వేగంగా పీల్చాలి. మందు పనిచేయట్లేదని వచ్చేవాళ్లను నా ముందు పీల్చమంటే, ఎక్కువమందికి మందంతా నాలుక మీదే పడుతుంటుంది.

ఇక బరువు. తగ్గితే ఉబ్బసం తగ్గుతుందా? తగ్గుతుంది, ఆధారాలున్నాయి. ఫిన్లాండ్‌లో 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఊబకాయం, ఉబ్బసం రెండూ ఉన్న 38 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఎనిమిది వారాలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. వాళ్లు సగటున 14.5 శాతం బరువు తగ్గారు, ఊపిరితిత్తుల పనితీరు మెరుగైంది, ఏడాది తర్వాత కూడా రెండో గుంపుకంటే బాగున్నారు. అంత తగ్గక్కర్లేదు కూడా. ఆస్ట్రేలియాలో 2013లో జరిగిన ప్రయత్నంలో 5 నుంచి 10 శాతం తగ్గినవాళ్లలో 58 శాతానికి ఉబ్బసం అదుపు మెరుగైంది. మీ అక్కకు 5 శాతం అంటే నాలుగు కిలోల పైచిలుకు, 10 శాతం అంటే దాదాపు ఎనిమిదిన్నర. అంటే మాత్రలు మొదలుకాక ముందున్న 76 దగ్గరికి చేరితే చాలు, ఊపిరిలో తేడా తెలుస్తుంది. అరవైకి రావాలని మొదటి రోజే చెప్పి ఆమెను బెదరగొట్టకండి. స్టెరాయిడ్ మాత్ర దిగేకొద్దీ ఆకలి తగ్గుతుంది, మొదటి కిలోలు దానితోనే కదులుతాయి.

పెద్దయ్యాక, అలర్జీ లేకుండా మొదలైన ఉబ్బసానికి ఈ మేలు ఎక్కువ. బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను ఏడాది తర్వాత అమెరికాలోని వెర్మాంట్‌లో పరీక్షిస్తే, గొట్టాలు బిగుసుకునే గుణం అలర్జీ లేనివాళ్లలోనే ఎక్కువగా తగ్గింది. చిన్నప్పటి నుంచి అలర్జీ ఉబ్బసం ఉండి తర్వాత లావైనవాళ్లకు ఆయాసం తగ్గుతుంది గానీ జబ్బు అడుగున ఉంటుంది. ఆపరేషన్ గురించి, వారానికోసారి వేసుకునే కొత్త ఇంజెక్షన్ల గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఆరు నెలలు తిండి, నడక గట్టిగా చూశాక, అప్పటికీ కదలకపోతే ఆ మాట డాక్టర్‌తో మాట్లాడవచ్చు.

తిండిలో మన జిల్లాలకు పెద్ద సమస్య అన్నమే. కంచంలో అన్నం కొండలా ఉండి కూర అంచున ఉంటుంది. అది తిరగేయాలి. ఒక గిన్నె కొలతగా పెట్టుకుని మధ్యాహ్నం ఒకటిన్నర గిన్నె అన్నం, మిగతా కంచం నిండా ఆకుకూర పప్పు, కూరగాయలు, గుడ్డో చేపో, పలుచటి మజ్జిగ. రాత్రికి ఒకటి రెండు జొన్న రొట్టెలు. నారాయణపేట, గద్వాల వైపు ఇళ్లలో ఈ అలవాటు ఇంకా పోలేదు. కానీ జొన్నకు కూడా కేలరీలున్నాయి. జొన్న మంచిదని నాలుగు రొట్టెలు తిని, పైన అన్నం పెట్టుకుంటే బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు. ఈ మధ్య చిరుధాన్యాల మీద నమ్మకం ఎంత పెరిగిందంటే కొలత అన్న మాటే మర్చిపోతున్నారు. నూనె మనిషికి నెలకు అర లీటరు దాటకుండా చూడండి. రోజుకు నాలుగు చాయలు తాగుతుంటే వాటిలోని చక్కెర, పక్కన బిస్కెట్లు ఆపడమే మొదటి నెలలో కంటికి కనిపించే మార్పు తెస్తుంది. నల్లగొండ బత్తాయి తినొచ్చు, జ్యూస్ తీసి చక్కెర వేసుకోకుండా తొనలు తినాలి. బత్తాయి, అరటిపండు, పెరుగు శీతలం చేసి దమ్ము తెస్తాయని చాలా ఇళ్లలో మాన్పిస్తారు. ఒక మనిషికి ఫలానాది తిన్న ప్రతిసారీ పట్టేస్తే దాన్ని మానాలి. అందరికీ అన్నీ మాన్పించాల్సిన పని లేదు.

నడిస్తే దమ్ము పెరుగుతుందన్న భయం నిజమైన అనుభవం నుంచి వచ్చిందే, దాన్ని కొట్టిపారేయకండి. కానీ ఉబ్బసం మందుతో అదుపులోకి వచ్చాక నడకే మందులా పనిచేస్తుంది. బ్రెజిల్‌లో 2017లో వచ్చిన అధ్యయనంలో ఊబకాయంతో ఉబ్బసం ఉన్నవాళ్లందరికీ మూడు నెలలు తిండి నియమం పెట్టి, సగంమందికి అసలైన వ్యాయామం, మిగతావాళ్లకు ఊరికే ఒళ్లు సాగదీసే పని ఇచ్చారు. వ్యాయామం చేసినవాళ్లలో 69 శాతానికి ఉబ్బసం అదుపు మెరుగైతే, రెండో గుంపులో 36 శాతానికే. బరువు కూడా మొదటివాళ్లు రెండింతలు తగ్గారు.

మొదలుపెట్టే తీరు ఇలా. ఇన్‌హేలర్ పడి రెండు మూడు వారాలు గడిచాక, రోజుకు పది నిమిషాలు, పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగే వేగంతో. మొదటి ఐదు నిమిషాలు ఇంకా నెమ్మదిగా. నడిస్తే పట్టేసే గుణం ఉంటే పావుగంట ముందు ఏ ఇన్‌హేలర్ ఎన్ని పీల్పులు తీసుకోవాలో డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి. వారానికి ఐదు నిమిషాలు పెంచుతూ అరగంట దాకా వెళ్లాలి. ఎండాకాలంలో మిర్యాలగూడ వేడికి సూర్యుడు రాకముందే ముగించాలి. డిసెంబరు, జనవరిలో మంచు దిగి ఎండ వచ్చాక వెళ్లాలి, చల్లటి పొడిగాలి గొట్టాలను బిగిస్తుంది. లారీలు తిరిగే మిల్లుల రోడ్డు వద్దు, కాలేజీ గ్రౌండ్ మేలు. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజుకు పదిసార్లు మొదలుపెట్టినా తొడల బలం తిరిగొస్తుంది. మన దగ్గర చాలామంది ఆడవాళ్లు ఒక్కరే నడవడానికి సిగ్గుపడతారు, ఇంటి పని తెమలదు. తమ్ముడిగా మీరు చేయగల పెద్ద సాయం ఆ అరగంట ఆమె పక్కన నడవడం, లేదా ఆ అరగంట ఇంటి పని మీరు చూసుకోవడం.

మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం గురించి మీరు అడగలేదు గానీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. మా జిల్లాల నుంచి ఏటా ఎంతోమంది వెళ్తారు, నమ్మకాన్ని నేను అవమానించను. కొర్రమీను మింగితే ఉబ్బసం నయమవుతుందని పరీక్షల్లో తేలలేదు, బరువు మీదైతే దానికి ఏ ప్రభావమూ లేదు. వెళ్లాలనుకుంటే ఇన్‌హేలర్ బ్యాగులో పెట్టుకుని వెళ్లమనండి, దాని పేరు చెప్పి మందు ఒక్క రోజు కూడా ఆపొద్దని చెప్పండి. జూన్ మొదట్లో వానలు పడి వాతావరణం మారుతుంది, ఉబ్బసం తిరగబెట్టే రోజులు కూడా అవే.

ఈ వారంలో చేయాల్సింది: మాత్రల పట్టీ, పాత చీటీలు, వాడుతున్న బీపీ, నొప్పి మందులు అన్నీ ఒక కవర్లో వేసుకుని ఛాతీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ప్రైవేటుకు స్తోమత లేకపోతే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వెళ్లండి. స్పైరోమెట్రీకి వెళ్లే రోజు, ఓర్చుకోగలిగితే, సాల్‌బుటమాల్ నాలుగు నుంచి ఆరు గంటల ముందు నుంచి ఆపమంటారు. ఓర్చుకోలేకపోతే వేసుకుని ఆ సంగతి చెప్పొచ్చు. మాట్లాడుతుండగా ఒక వాక్యం పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఇన్‌హేలర్ పీల్చినా పావుగంటలో తేడా రాకపోయినా, మనిషి మగతగా అయిపోతున్నా, ఇంటి దగ్గర ఇంజెక్షన్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా ఆమెను పడుకోబెట్టకండి, కూర్చోబెట్టి ముందుకు వంగి చేతులు మోకాళ్ల మీద ఆనించమనండి, స్పేసర్‌తో సాల్‌బుటమాల్ ఒక్కో పీల్పు చొప్పున ఇస్తూ ఉండండి.